టీవీలో గెలల కోత

నేను పీఈటీని. ఆడపిల్లల గురుకులంలో ఆటలు నేర్పుతాను. నా గొంతు గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకు మైకు లేకుండా పోతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఒకసారి అన్నాడు. ఆ మాటన్నందుకే ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. ఎవరెవరి పిల్లలనో ఉరికించి ఉరికించి చెమటలు పట్టించే దాన్ని, నా ఇంట్లో నా కన్నతండ్రిని కుర్చీలోంచి లేపలేకపోయాను. ఎంత సిగ్గుచేటు!

మాది అశ్వారావుపేట దగ్గర. నాయనది పామాయిల్ తోట. కూలీలను పెట్టినా సరే, గెల కోసే కత్తి మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఎత్తు గెడకు కొడవలి లాంటి కత్తి కట్టి, మెడ పైకెత్తి, ఒక్క లాగుతో గెల దింపేవాడు. ఇప్పుడు ఆయనకు మతిమరుపు జబ్బు. ముందు అన్నం తిన్నానా లేదా అన్నది మరిచాడు, తర్వాత తోటకు దారి మరిచాడు, తర్వాత నన్ను మరిచాడు. నా మెడలో విజిల్ వేలాడుతుంటుంది కాబట్టి నన్ను "మేడమ్" అంటాడు. కన్న కూతురిని పట్టుకుని మేడమ్! మొదట్లో బాత్రూంలోకి పోయి ఏడ్చేదాన్ని, తర్వాత అలవాటైంది. అమ్మనైతే తోటలో పనికొచ్చిన కూలి మనిషి అనుకుంటాడు. సాయంత్రమైతే చాలు, "పొద్దుగూకుతుంది, ఇంక ఇంటికి పో తల్లీ, నీ ఇంటోళ్లు ఎదురుచూస్తుంటరు" అంటాడు. అమ్మ "అవ్, పోతున్న" అని వంటింట్లోకి పోయి ఆయనకే అన్నం కలుపుకొస్తుంది.

వాళ్లిద్దరినీ మా ఇంటికే తెచ్చుకున్నాం. అంతా ఒక రకంగా నడుస్తుండగా వానాకాలంలో ఆయనకు జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది కానీ ఆయన కుర్చీకే అతుక్కుపోయాడు. నేనూ మా ఆయనా చెరో చంకలో చెయ్యి వేసి లేపితేనే లేస్తాడు. వదిలితే మళ్లీ కూలబడతాడు.

ఖమ్మం తీసుకుపోయాం. డాక్టరు నిక్కచ్చి మనిషి. "పోయిన మతిని తెచ్చే మందు నా దగ్గర లేదమ్మా. కాళ్లు మాత్రం ఇంకా ఉన్నయ్. వాడకపోతే అవి గూడ పోతయ్. తనంతట తాను కుర్చీలకెళ్లి లేవాలె. అది జరగకపోతే కొన్నాళ్లకు మంచం పడతడు. మంచం పడ్డంక లేపుడు మన చేతుల ఉండదు," అన్నాడు. పక్కనే ఉన్న ఫిజియోథెరపీ అమ్మాయి, "ఏ ఆటైనా ఫర్లేదు, ఆయనకు ఇష్టముండాలె, కాళ్లు చేతులు కదలాలె, పక్కన పట్టుకునే మనిషుండాలె" అని చెప్పింది.

 వచ్చేటప్పుడు కారులో, వైరా దాటాక అమ్మ ఒక్కసారే బయటపడింది.

"మా అత్త మంచంల పడ్డప్పుడు నేనే చూసిన బిడ్డా. పుండ్లు కడిగిన, పక్కకు తిప్పిన. అప్పుడు నా ఒంట్ల బలముండె. ఈయన మంచాన పడితే తిప్పేటందుకు నాకేడిది సత్తువ? ఆ పుండ్లు ఈయన ఒంటి మీద చూసుడు నాతోని గాదు."

"ఎందుకు పడతడే మంచాన? నేనేం చచ్చిన్నా? నేను లేపుతా!" అని అరిచాను. డ్రైవరు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు.

అరవడం సులువు, చేయడమే కష్టం. తెల్లారి నుంచే మొదలుపెట్టాను. "చేతులు పైకి, ఒన్, టూ!" అంటే నాయన నన్ను తేరిపార చూసి, "నేనేమన్న బడి పిల్లగాణ్నా మేడమ్?" అన్నాడు. బంతి విసిరితే పట్టుకుని, తుడిచి, మర్యాదగా నా చేతిలో పెట్టాడు. విజిల్ ఊదితే చెవులు మూసుకున్నాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

మా ఆయనది టీవీలు బాగుచేసే షాపు. నోట్లో నాలుక లేని మనిషి. ఒకరోజు షాపు నుంచి ఒక పెట్టె, దాంతోపాటు టీవీ మీద పెట్టే కెమెరా ఒకటి పట్టుకొచ్చాడు. ఎవరో కొత్తది కొనుక్కుని పాతది ఈయనకు అమ్మారట. దాని ముందు నిలబడి చెయ్యి ఊపితే టీవీలో మన నీడ కూడా చెయ్యి ఊపుతుంది. పండ్లు కింద నుంచి పైకి ఎగురుతాయి. మనం చేత్తో గాలిలో కొడితే అక్కడ పండు రెండు ముక్కలవుతుంది.

"మతి లేని ముసలాయనకు వీడియో గేమా? పిల్లలాడుకునేది తెచ్చినవా? ఎవరన్న వింటే నవ్విపోతరు!" అని ఇంతెత్తున లేచాను.

"నువ్వు ఒక్కసారి ఆడి చూడు, తర్వాత తిట్టు" అన్నాడాయన.

సరే, తిట్టడానికి ముందు చూద్దామని నిలబడ్డాను. ఓరి దేవుడా! పుచ్చకాయ ఎగిరింది, కొట్టాను, ఫట్‌మని పగిలింది! నారింజ, అరటిపండు, మళ్లీ పుచ్చకాయ! ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, గెంతు! చీర కుచ్చిళ్లు ఎగదోపి అట్లా కొడుతూనే ఉన్నాను. చెమటలు కారిపోయాయి. అమ్మ గుమ్మంలో నిలబడి, "దీనికేమైందయ్యా?" అని అల్లుడిని అడిగింది. ఇది మామూలు ఆట కాదు, పూర్తి స్థాయి కసరత్తు! ఆ రోజు మా ఆయనకు ఆమ్లెట్టు వేసి పెట్టాను. క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు.

మర్నాడు నాయన వంతు. నడుముకు తువ్వాలు చుట్టి రెండు కొసలూ వెనక నేను పట్టుకున్నాను. మా ఆయన పక్కన నిలబడ్డాడు. ఇద్దరం కలిసి లేపాం. టీవీలో పండ్లు ఎగిరాయి. నాయన తల ఎత్తి చూశాడు! కళ్లలో ఏదో కదిలింది. ఇంక కొడతాడు అనుకుంటే, తల దించి నేల చూశాడు. అటూ ఇటూ వెతికాడు. "రాలలే" అన్నాడు, కూర్చున్నాడు.

మళ్లీ లేపాం. మళ్లీ పైకి చూశాడు, కిందికి చూశాడు. "రాలలే." కూర్చున్నాడు.

"రాలకుంటే ఏంది నాయనా, కొట్టు! చెయ్యెత్తు! జల్దీ!" అని నేను వెనక నుంచి మొత్తుకుంటున్నాను. ఆయన వినడు. వారమంతా ఇదే తంతు. పైకి చూడటం, కిందికి చూడటం, "రాలలే", కూర్చోవడం. బొమ్మలో పండ్లు నేల మీద పడటం లేదని ఆయన బాధేమో అనుకున్నాను. మా ఆయన కెమెరా ఎత్తు మార్చాడు, టీవీని దించాడు, లైటు మార్చాడు. ఏం లాభం లేదు. పెట్టెను తీసుకుపొమ్మని ఒక పొద్దున విసుక్కుని స్కూటీ ఎక్కి బడికి బయల్దేరాను.

పామాయిల్ ఫ్యాక్టరీ రోడ్డు మీద నా ముందు గెలల ట్రాక్టరొకటి పోతోంది. గుంత వచ్చిన ప్రతిసారీ దాని ట్రాలీలోంచి ఎర్రటి పండ్లు టపటపా రోడ్డు మీద రాలుతున్నాయి. ఒకదాని మీద నా చక్రం ఎక్కి స్కూటీ జర్రున జారింది. కాళ్లు ఆనించి ఎట్లాగో ఆపుకున్నాను. "కండ్లు నెత్తికెక్కినయారా? పండ్లు రాలుతున్నయ్, కనబడతలేదా?" అని డ్రైవరు మీద గొంతు చించుకున్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందో లేదో, నడిరోడ్డు మీద బొమ్మలా నిలబడిపోయాను.

పండ్లు రాలుతున్నయ్!

పామాయిల్ గెల పండిందో లేదో అంత ఎత్తున ఎవరికి తెలుస్తుంది? చెట్టు మొదట్లో నేల చూడాలి. గెల నుంచి నాలుగు పండ్లు ఊడి కింద పడి ఉంటే గెల పండినట్టు. నేల మీద పండు లేకపోతే గెల పచ్చిది, ముట్టుకోకూడదు. పచ్చి గెల తీసుకుపోతే ఫ్యాక్టరీ వాళ్లు తిరగ్గొడతారు. మా నాయన కోసిన గెల ఎన్నడూ తిరిగి రాలేదు. ఆ పేరు ఆయనకు ఈ చుట్టుపక్కలంతా ఉంది. భార్యను మరిచాడు, బిడ్డను మరిచాడు, నేల చూడకుండా కత్తి ఎత్తకూడదన్నది మాత్రం ఒంట్లో ఉండిపోయింది. మేమేమో చలువరాళ్ల నేల మీద, కింద ఒక్క పండు లేకుండా, గెల కొయ్యమని ఆయన ప్రాణం తీస్తున్నాం!

స్కూటీ పక్కకు పెట్టి, టిఫిన్ డబ్బాలో ఉన్న ఉప్మా గడ్డి మీద పారబోసి, రోడ్డు మీద రాలిన పండ్లు ఏరడం మొదలుపెట్టాను. మోటారుసైకిళ్ల వాళ్లు ఆగి చూస్తున్నారు. "ఏంది మేడమ్, ఏమైంది?" అని ఒకతను అడిగితే, "పండింది! గెల పండింది!" అన్నాను. పిచ్చిది అనుకుని పోయాడు. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి సెలవు చెప్పి, స్కూటీ వెనక్కి తిప్పాను. ఆ రోజు నేను స్కూటీని నడిపిన తీరు నా పిల్లలెవరైనా చూసి ఉంటే నా మాట మళ్లీ వినరు.

మా ఆయన ఇంకా షాపుకు పోలేదు. "పెట్టు! పెట్టు! గేమ్ పెట్టు!" అని అరుస్తూ వచ్చి డబ్బాలో పండ్లు టీవీ ముందు నేల మీద వొంపేశాను. అమ్మ వాటిని చూసింది, నన్ను చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెకు చెప్పనవసరం లేకపోయింది. నాయనను లేపాం. పైకి చూశాడు. కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అవ్," అన్నాడు. "పండింది."

ఒక పిడికిలి మీద ఇంకో పిడికిలి పెట్టి, కనబడని గెడను పట్టుకుని, రెండు చేతులూ తల మీదికి ఎత్తాడు! వానాకాలం నుంచి ఒక్కసారి కూడా తల దాటి లేవని చేతులవి! మెడ వెనక్కి వాల్చి, గురి చూసి, ఒక్క లాగు లాగాడు. టీవీలో పుచ్చకాయ రెండు ముక్కలైంది. నేను వేసిన కేకకు పక్కింటి కుక్క మొరిగింది. అంతే కాదు, లాగిన వెంటనే నాయన చకచకా వెనక్కి అడుగులు వేశాడు. గెల పడేటప్పుడు కింద ఎవరుంటారు? తప్పుకోవాలి కదా! కెమెరాకు ఆయన అందక ఆట ఆగిపోయింది. ముందుకు రమ్మని టీవీలో రాసొచ్చింది. మేం నడిపించాం, వచ్చాడు. మళ్లీ చేతులు పైకి, లాగు, వెనక్కి. నేను ఇన్నేళ్ల సర్వీసులో ఇంతకంటే మంచి ఎక్సర్‌సైజు ఎవరితోనూ చేయించలేదు. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, మా ఆయన వీపు మీద ఒక్కటి చరిచాను.

నాలుగోసారి వెనక్కి తగ్గుతూ పండు మీద కాలు వేసి జారాడు. నా చేతిలో తువ్వాలు ఉంది కాబట్టి బతికిపోయాం. నా బుద్ధి గడ్డి తిన్నది, నున్నటి నేల మీద నూనె పండ్లు చల్లాను! మా ఆయన పండ్లను గమ్ముతో గోనెసంచికి అంటించి పరిచాడు. ఒకరోజు బాగానే నడిచింది. మర్నాడు నాయన వంగి చూసి, "ఇవి మొన్నటియి, ఎండినయ్. కోత ఎప్పుడో అయిపోయింది" అని కూర్చున్నాడు. మమ్మల్ని మోసగాళ్లను చూసినట్టు చూశాడు. ఆఖరికి నేనే గ్రౌండులో గీసినట్టు ముగ్గుపిండితో గీత గీశాను. గీతకు అవతల, టీవీ కింద, రోజూ తాజా పండ్లు. ఇవతల నాయన కాళ్లు. పొద్దున్నే తోటకు పోయి పండ్లు ఏరుకొచ్చే పని నాది. గెలల ముళ్లు గీరుకుని చేతులు మంట పుట్టినా ఒక్కరోజూ మానలేదు.

అన్ని రోజులూ పండగ కావు. కొన్ని పొద్దులు ఆయన నా చెయ్యి విసిరికొట్టేవాడు. ఒకసారి ట్రాక్టరు రాలేదని పని ఆపేశాడు. ఒకసారి అరటిపండు ఎగిరితే, "ఇదేం తోట మేడమ్? పామాయిల్ల అరటి పెట్టిండ్రు!" అని నన్ను మందలించాడు. అయినా చేతులకు బలమొచ్చింది, నిలబడ్డప్పుడు వణుకు తగ్గింది, రాత్రిళ్లు నిద్ర పట్టింది. అమ్మ పొద్దున్నే ఆయన నడుము కింద చెయ్యి పెట్టి చూసి, చర్మం ఎర్రబడలేదని నాతో చెప్పేది. రోజూ చూసేది, రోజూ చెప్పేది.

ఒక్కటే జరగలేదు. లేవడం! లేపితే ఎంతసేపైనా కోస్తాడు. కూర్చున్నాడంటే మళ్లీ మేం లేపాల్సిందే. ఖమ్మంలో డాక్టరు చూసి, "బాగుంది, చాలా బాగుంది. కానీ లేచుడే అసలు," అన్నాడు. నేను ఎన్ని ఎత్తులు వేశానో! కుర్చీ ఎత్తు పెరగాలని దిండు వేశాను. బతిమాలాను. బెదిరించాను. "గెల మాగిపోతుంది నాయనా!" అన్నాను. "కూలోళ్లున్నరు గద మేడమ్, లేపుతరు" అన్నాడు. కూలోళ్లంటే నేనూ మా ఆయనా! అమ్మ మాత్రం ఆయన మంచం కోసం పుండ్లు పడకుండా ఉండే మెత్తటి పరుపు ఒకటి ముందే అడిగి పెట్టమని అల్లుడితో చెప్పింది. అది తెలిసి నాకు ఒళ్లు మండింది. "అప్పుడే పరుపెందుకే?" అన్నాను. "నువ్ కోపం జేస్తే కాళ్లు లేస్తయా బిడ్డా?" అంది.

మొన్న ఆదివారం. ఒక ఆట అయిపోయి నాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మా ఆయన షాపుకు పోయాడు. ఆయన వచ్చేదాకా ఆట ఆపుదామంటే రిమోటు పని చేయలేదు. నేను టీవీ వెనక్కి దూరి వైరు వెతుకుతున్నాను. ఆట అయిపోయాక టీవీలో నమూనా బొమ్మ ఒకటి వస్తుంది, అందులో పండ్లు వాటంతటవే ఎగురుతున్నాయి, పడుతున్నాయి. అమ్మ వంటింట్లోంచి వచ్చి, గీత దాటి, నేల మీద చల్లిన పండ్లు ఏరి కొంగులో వేసుకుంటోంది. తోటలో నాయన గెల దింపాక ఆమె జీవితమంతా అట్లాగే వంగి ఏరింది. ఇప్పుడు టీవీకి సరిగ్గా కింద, తల వంచుకుని ఉంది. ఆమె తల మీద ఇంత పెద్ద పుచ్చకాయ గిరగిరా తిరుగుతూ కిందికి దిగుతోంది.

"తప్పుకో!"

అది మా నాయన గొంతు. ఎన్నేళ్లయింది ఆ గొంతు విని! టీవీ పక్కనుంచి తల బయటపెట్టి చూశాను. ఆయన కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించాడు. ముందుకు వంగాడు. లేచాడు! ఎవరూ పట్టుకోలేదు, తువ్వాలు లేదు, నేను వైర్ల మధ్య ఇరుక్కుని ఉన్నాను. "నాయనా!" అని అరవబోయాను. నా గొంతు, ఆ గ్రౌండంతా వినబడే గొంతు, ఆ ఒక్క క్షణం రాలేదు. ఆయన ముందుకు అడుగు వేశాడు, ఇంకోటి వేశాడు, అమ్మ భుజం పట్టుకుని బలంగా వెనక్కి లాగాడు. కొంగులో పండ్లన్నీ నేల మీద దొర్లాయి. ఇద్దరూ తూలారు. అప్పటికి నేను వైర్లు తెంపుకుని వచ్చి ఇద్దరినీ కలిపి పట్టుకున్నాను. పండ్లను కాలితో దూరంగా తన్నాను.

నాయనకు నేను కనబడలేదు. అమ్మ తల అటూ ఇటూ తిప్పి, జుట్టు పాయలు తీసి, దెబ్బ తగిలిందేమోనని వెతుకుతున్నాడు. కాళ్లు వణకడం లేదు.

"చెట్టు మీద కత్తి ఉండంగ కిందికి వస్తరా తల్లీ? నెత్తి మీద పడితే నీ ఇంటాయనకు నేనేం జవాబు చెప్పాలె?"

అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. కళ్ల నిండా నీళ్లు, పెదాల మీద నవ్వు.

"మా ఇంటాయన మంచోడే," అంది. "నిన్నేమనడు."

"మంచోడైతే గాని, నువ్వు నా ఎన్క నిలబడు," అని ఆమెను చేత్తో తన వెనక్కి జరిపి, నాయన టీవీ వైపు తిరిగాడు.